కొయ్యరేవుకి ఏ జెండా?

గొడవంతా ఒక పెద్దాయన సముద్రస్నానంతో మొదలైంది.

ఆయన రాజధానిలో చాలా పెద్ద ఉద్యోగి. పేరు చెప్పను. చెప్పినా ఆయన కాదంటాడు. ఒక ఆదివారం నాడు నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. దిగిన మూడో నిమిషంలో ఎవరిదో గాలం ఎగిరొచ్చి ఆయన నిక్కరుకి తగులుకుంది. దాన్ని విడిపించుకుంటుండగా, బల్ల మీద నిలబడి కెరటం స్వారీ చేస్తున్న కుర్రాడొకడు వెనక నుంచి వచ్చి నడుం మీద గుద్దాడు. తూలుకుంటూ ఒడ్డుకి చేరాడో లేదో, ఒక కుటుంబం ఆడుకుంటున్న బంతి ఆయన ముక్కు మీద పడింది. బంతి వేసిన నాలుగేళ్ళ పాప దగ్గరికొచ్చి, "తాతా, మళ్ళీ వెయ్యనా?" అని అడిగింది.

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. కారెక్కి, దొరికిన కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాశాడు: "ఎవరి తీరం వాళ్ళకుంటే సరిపోదా?"

ఆ ప్రశ్న నూట పధ్నాలుగు పేజీల విధానం అయింది. ఆ విధానాన్ని అమలు చెయ్యడానికి తీర వినియోగ వర్గీకరణ సంస్థ పుట్టింది. సంస్థ నడవడానికి నాలాంటి వాళ్ళు కావలసి వచ్చారు. అంతకుముందు నేను బావుల లోతు కొలిచే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. నీటి అనుభవం ఉందని నన్ను బదిలీ చేశారు. పొన్నాడ లింగమూర్తి, అలల పరిశీలకుడు, రెండో శ్రేణి. బావిలో అలలు ఉండవని నేను విన్నవించుకున్నాను. అందుకే రెండో శ్రేణి ఇచ్చామన్నారు.

విధానం చాలా సులువు. ఒక తీరానికి ఒకే పని. ఆ పనికి ఒకే జెండా. జలతరణము, అంటే ఈతకి నీలం. తరంగారోహణము, అంటే సర్ఫింగుకి పసుపు. మత్స్యగ్రహణము, అంటే చేపల వేటకి ఆకుపచ్చ. సకుటుంబ విహారానికి గులాబీ. ఒక జెండా ఎగిరిన తీరంలో రెండో పని చెయ్యాలనుకున్నవాళ్ళు రెండో తీరానికి పోవాలి.

మా ప్రాంతీయ తీర వర్గీకరణాధికారి కంభంపాటి దివాకరం గారు ఏడు తీరాలకు ఏడు జెండాలు మూడు వారాల్లో ఎగరేశారు. ఎనిమిదోది కొయ్యరేవు.

* * *

కొయ్యరేవు విశాఖకి ఉత్తరాన ఉన్న చిన్న మత్స్యకార గ్రామం. ఇసుక పన్నెండు వందల అడుగుల పొడవు. దక్షిణం కొసన తాడిచెట్టంత కెరటాలు. ఆ పక్కన పడవలు ఆగే చోటు. దాని పక్కన సరుగుడు తోట నీడ. ఉత్తరం కొసన నల్లరాళ్ళ గుట్ట, గుట్ట వెనక బల్లపరుపుగా నిలిచిన నీళ్ళు.

దివాకరం గారు జీపు ఆగగానే, "పొన్నాడ వారూ, ఇందుమూలముగా దిగుదము," అన్నారు. ఆయన అలాగే మాట్లాడతారు. ఇంట్లో టీ అడిగేటప్పుడు కూడా, "టీ విషయమై తగు చర్య తీసుకొనవలెను, అల్లము నిమిత్తము ప్రత్యేక శ్రద్ధ వహించవలెను," అంటారని వాళ్ళావిడ ఒకసారి చెప్పింది.

ఇసుక మీద వల బాగుచేస్తూ ఒక యాభై ఏళ్ళ మనిషి కూర్చుని ఉంది. చోడిపిల్లి అసిరమ్మ. మత్స్యకారుల సంఘానికి ఆవిడే పెద్ద. ఊరుమ్మడి పెద్దవల ఆవిడ మాట మీదే నడుస్తుంది.

"ఇచ్చట ప్రధానముగా జరుగు కార్యకలాపమేమి?" అని అడిగారు దివాకరం గారు.

అసిరమ్మ ఆయన బూట్ల నుంచి గొడుగు దాకా చూసింది. "ఏటి?"

"ఇక్కడ ఏం చేస్తారు అని అడుగుతున్నారు," అన్నాను నేను.

"బతుకుతాం బాబూ."

ఫారంలో ఆ గడి లేదు. నేను మళ్ళీ విడమరిచి అడిగాను. ఆవిడ దారం కొరికి, సూదితో చూపించడం మొదలుపెట్టింది.

"తెల్లారగట్ల మా ఇంటాయన దండాసి ఏటకెల్తాడు. అదిగో, కెరటాల మీద బల్లేసుకుని ఎగురుతున్నాది సూడు, అది మా అమ్మి నూకరత్నం. పట్నం పిల్లలకి ఆ ఇద్దె నేర్పుతాది. ఆ రాళ్ళెనకాల మా పిల్లా గుంటలందరూ ఈతలాడతారు. ఆదివారం వచ్చిందంటే సరుగుడు సెట్ల కింద కుటుంబాలొచ్చి కూకుంటాయి. ఆలకి నాను సేపలేపి పెడతాను."

"నాలుగునూ ఒకే తీరమున?" దివాకరం గారికి ముచ్చెమటలు పోశాయి. "ఒకరినొకరు గుద్దుకొనరా?"

"ఎందుకు గుద్దుకుంటారు? వల లాగినప్పుడు సర్ఫింగోలు ఆగుతారు. పొద్దెక్కినాక పడవలు పైకెక్కిచ్చీసి మావే పిల్లలకి జాగా ఇత్తాం. కళ్ళు లేవేటి మనకి?"

"కళ్ళ ఆధారముగా పరిపాలన సాగదమ్మా. ఒకటి ఎంచుకొనవలెను."

అసిరమ్మ సూది కింద పెట్టింది. "ఎంచుకుంటే?"

నేను వివరించాను. ఆకుపచ్చ జెండా అయితే సర్ఫింగు ముప్పై కిలోమీటర్ల అవతలి తీరానికి పోవాలి. పసుపు జెండా అయితే పడవలన్నీ పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోని బండపాలెం వెళ్ళాలి. గులాబీ అయితే రెండూ పోవాలి. నీలం అయితే పిల్లలు తప్ప అందరూ పోవాలి.

"అంటే ఏ జెండా ఎగరేసినా మా ఇంట్లో ఒకలు ఊరొదిలెయ్యాలన్నమాట."

"ఒకరు కాదమ్మా," అని సరిచేశాను నేను. "సగటున ఇద్దరు."

* * *

నిబంధనల ప్రకారం కొలతలు తీశాం. నేను కర్ర పట్టుకుని నీళ్ళలో నిలబడి నాలుగు రోజులు అలలు కొలిచాను. చేపలు, నీడ, ఇసుక మెత్తదనం, చిన్నపిల్లల కేరింతల స్థాయి, అన్నీ ఫారంలో నింపాం. కంప్యూటరు మార్కులిచ్చింది.

ఈతకి అరవై ఒకటి. సర్ఫింగుకి అరవై ఒకటి. వేటకి అరవై ఒకటి. కుటుంబాలకి అరవై ఒకటి.

దివాకరం గారు ప్రధాన కార్యాలయానికి రాశారు. జవాబు తిరుగు టపాలో వచ్చింది: "సముద్రమునకు సమదృష్టి ఉండుట విధానమునకు విరుద్ధము. మరల కొలవవలెను." మళ్ళీ కొలిచాను. జలుబు చేసింది. మార్కులు మారలేదు.

అప్పుడు దివాకరం గారికి ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తుది నిర్ణయం అయ్యేదాకా తీరాన్ని వెదురు గడలు పాతి నాలుగు సమాన భాగాలు చెయ్యాలి. ఒక్కో భాగంలో ఒక్కో పని. ఏ భాగం ఏ పనికి అన్న విషయంలో పక్షపాతం రాకుండా అక్షర క్రమం పాటించాలి. జలతరణము, తరంగారోహణము, మత్స్యగ్రహణము, సకుటుంబ విహారము. దక్షిణం నుంచి ఉత్తరానికి.

కాబట్టి ఈత, తాడిచెట్టంత కెరటాల్లో పడింది. సర్ఫింగు, అల అనేదే లేవని పడవల రేవులో పడింది. పడవలు సరుగుడు చెట్ల ముందుకి వచ్చాయి. కుటుంబాలు నల్లరాళ్ళ మీదికి ఎక్కాయి.

"అయ్యా, రాళ్ళ మీద పీతలున్నాయండీ," అన్నాను.

"కుటుంబముతో కలసి చూడదగినవే," అన్నారు.

ఒక భాగంలో ఇంకో పని జరగకుండా చూడడానికి నన్ను మధ్య గడ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చేతికి విజిలు, నిబంధనల పుస్తకం ఇచ్చారు. కుటుంబ భాగంలో నీళ్ళలోకి మోకాలి దాకా దిగవచ్చు. మోకాలు దాటితే ఈత. ఎవరి మోకాలు అన్న ప్రశ్న మొదటి రోజే వచ్చింది. ప్రామాణిక మోకాలు పద్దెనిమిది అంగుళాలని సర్క్యులర్ వచ్చింది. ఒక ముసలావిడ మడమల దాకానే దిగి నిలబడి ఉండగా పెద్ద అల వచ్చి నడుం దాకా తడిపింది. నేను విజిలు ఊదాను. "నేనెక్కడికీ పోలేదు బాబూ, అదే వచ్చింది," అందావిడ. అలకి నోటీసు ఇచ్చే అధికారం నాకు లేదు కాబట్టి వదిలేశాను.

అసలు సంకటం మూడో రోజు వచ్చింది.

* * *

దండాసి ముప్పై ఏళ్ళుగా రేవులో పడవ దింపుతున్నాడు. కొత్త చోట ఇసుకమేట ఎక్కడుందో తెలీదు. పడవ మేటకి తగిలి కుదుపు ఇచ్చింది. దండాసి నీళ్ళలో పడ్డాడు.

పడి, మామూలుగా ఈదడం మొదలుపెట్టాడు.

నేను విజిలు ఊదాను. "దండాసీ! అది వేట భాగం! ఈత కొట్టకూడదు!"

"మరేటి సెయ్యమంటావు?" అని అరిచాడు.

ఆ సంగతి పుస్తకంలో లేదు. దివాకరం గారికి ఫోన్ చేశాను.

"పడిన వ్యక్తి ప్రస్తుతము ఏ స్థితిలో ఉన్నాడు?"

"తడిసి ఉన్నాడండీ."

"చేతులు కదపుచున్నాడా?"

"గట్టిగా కదుపుతున్నాడండీ."

"అయిన యెడల అది జలతరణమే. తక్షణము నిలుపుదల చేయించవలెను. తేలుటకు మాత్రము అభ్యంతరము లేదు."

నేను నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాను. "తేలమంటున్నారు!"

దండాసి నెమ్మదస్థుడు. వెల్లకిలా తిరిగి, చేతులు గుండెల మీద ముడుచుకుని, ఆకాశం చూస్తూ తేలాడు. ప్రవాహం ఆయన్ని దక్షిణానికి లాక్కుపోయింది. నేను ఒడ్డున పక్కనే నడిచాను. రెండో గడ దాటగానే సర్ఫింగు భాగం. అక్కడ బల్ల లేకుండా ఉండకూడదు. మళ్ళీ విజిలు ఊదాను. నూకరత్నం అలలు లేక బల్ల మీద కూర్చుని గోళ్ళు గిల్లుకుంటోంది.

"ఒలే అమ్మీ, బల్ల తే! ఈ అలల బాబు ఊరుకునేలా నేడు!" అన్నాడు దండాసి.

నూకరత్నం నాన్నని బల్ల మీదికి లాగింది. అలా సక్రమంగా ఆ భాగం దాటాడు. మూడో గడ దగ్గర బల్ల దిగి, ఈత భాగంలోకి ప్రవేశించి, తాడిచెట్టంత కెరటాల మధ్య నిబంధనలకు లోబడి ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. ఈత భాగంలో తలకి టోపీ తప్పనిసరి. ఆయన మొలకున్న తువ్వాలు విప్పి తలకి చుట్టుకున్నాడు. సరిపోతుందని రాసుకున్నాను.

"బాబూ," అన్నాడు ఆయాసపడుతూ, "గుంటడుగా ఉన్నప్పటి నించీ ఈ సముద్రంలో పడతన్నాను. ఇంత పద్ధతిగా ఎప్పుడూ పడనేదు."

ఊరంతా పడీ పడీ నవ్వింది. అసిరమ్మ మాత్రం నవ్వలేదు. నా కుర్చీ దగ్గరికి వచ్చి, చీర కొంగు బిగించి నిలబడింది.

"అలల బాబూ, ఇదెంతకాలం?"

"అంతిమ తనిఖీ దాకా. వచ్చే ఆదివారం మా సంస్థ కమిషనర్ గారే స్వయంగా వస్తున్నారు."

"ఆయనేటి సేత్తాడు?"

"తలలు లెక్కపెడతారు. సరిగ్గా పదకొండింటికి విజిలు ఊదుతారు. ఆ క్షణంలో ఎక్కువ మంది ఏ పనిలో ఉంటే ఆ జెండా. ఇక మార్పుండదు."

అసిరమ్మ ముఖం పాలిపోయింది. నాకూ తెలుసు. ఆదివారం పదకొండింటికి పట్నం కుటుంబాలు రెండు వందల మందికి తక్కువ ఉండరు. పెద్దవల లాగే జనం నలభై మంది. సర్ఫింగు పిల్లలు పదకొండు మంది. దివాకరం గారు గులాబీ జెండా ఉత్తర్వు అప్పటికే టైపు చేయించి, తేదీ ఒక్కటే ఖాళీ వదిలారు.

"మళ్ళా సదువు బాబూ ఆ రూలు."

చదివాను.

"ఎవులు ఏ పనిలో ఉంటే ఆ లెక్కేనా? ఏ ఊరోలైనా?"

"ఎవరైనా."

"ఇంకొక్కపాలి సదువు."

మూడోసారి చదివేసరికి ఆవిడ ముఖంలోకి రంగు వచ్చింది. "మంచి రూలే," అని వెళ్ళిపోయింది.

* * *

ఆదివారం.

నిష్పాక్షికత కోసం గడలు పీకేశాం. తొమ్మిదికల్లా సరుగుడు నీడ నిండిపోయింది. చాపలు పరుచుకున్నారు, పులిహోర డబ్బాలు తెరిచారు, షటిల్ ఆటలు మొదలయ్యాయి. పదింటికి కమిషనర్ గారి కారు వచ్చింది. విధానంలో నమూనా కుటుంబం ఉండాలని ఉంది కాబట్టి ఆయన తన కుటుంబాన్నే తెచ్చారు: భార్య, ఇద్దరు పిల్లలు, గోదావరి జిల్లా నుంచి వచ్చిన అత్తగారు సీతారత్నం గారు. ఆవిడకి డెబ్భై దాటాయి. దిగీ దిగగానే, "ఈ గాలికి ఆకలేస్తోందమ్మా," అన్నారు.

పదిన్నరకి నా లెక్క: కుటుంబాలు రెండు వందల అరవై. ఈత ముప్పై ఒకరు. సర్ఫింగు పదకొండు. వేట నలభై.

దివాకరం గారు కలం తీసి ఉత్తర్వులో తేదీ వేశారు.

పెద్దవల తెల్లారాక వేశారు. దండాసి పడవ మీద వెళ్ళి సముద్రంలో అరచందమామలా చుట్టి వచ్చాడు. ఆ వలకి రెండు కొసల్లో రెండు లావుపాటి తాళ్ళు. ఒక్కో తాడూ ఇరవై మంది ఒడ్డున నిలబడి లాగాలి. మామూలుగా అయితే తొమ్మిదింటికే వల ఒడ్డుకి రావాలి. ఆ రోజు ఎందుకంత ఆలస్యమైందో నేను రాయలేదు. ఫారంలో ఆ గడి లేదు.

పది నలభైకి తాళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. నలభై మంది మడమలూ ఇసుకలో దిగబడ్డాయి. సముద్రంలో వల నడిమి భాగం తళతళా మెరిసింది.

"కానాగడతలు!" అని అరిచాడు దండాసి. "మందకి మంద పడిపోనాది! రావట్లేదు! తాడు జారిపోతన్నాది!"

అది నటన కాదు. తాడు నిజంగానే జారుతోంది. ముందు నిలబడ్డ నూకరత్నం అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. బల్ల అవతల పారేసి ఎప్పుడొచ్చి పట్టుకుందో నేను చూడలేదు. ఆమె వెనక మిగతా సర్ఫింగు పిల్లలు.

అసిరమ్మ పడవ అంచు మీదికి ఎక్కి నిలబడింది. ఆ గొంతు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోని బండపాలెం దాకా వినిపించి ఉండాలి.

"ఓలమ్మో, ఓలయ్యో! సూత్తారేటి? తాడు మీద సెయ్యేసినోడికి వాటా! ఏ ఊరోడైనా వాటాయే, ఏ కులపోడైనా వాటాయే! మా తాతల కాడ నించి కొయ్యరేవు రివాజు ఇదే! ఒక్క సెయ్యేసినా సేప పట్టుకెల్లొచ్చు! రాండి!"

 ముందు బట్టతల ఉన్న ఒకాయన పులిహోర ప్లేటు భార్య చేతిలో పెట్టి పరిగెత్తాడు. ఆయన భార్య ప్లేటు చాప మీద పెట్టి ఆయన వెనక పరిగెత్తింది. ఇక ఆగలేదు. షటిల్ బ్యాట్లు, డబ్బాలు, చెప్పులు ఎక్కడివక్కడ పడ్డాయి. గుట్ట వెనక ఈదుతున్నవాళ్ళు నీళ్ళోడుతూనే వచ్చారు.

"అల్లుడుగారూ, ఈ సంచీ కాస్త పట్టుకోండి," అన్నారు సీతారత్నం గారు.

"అత్తయ్యగారూ, మీరెందుకండీ..."

"చేప తినేటప్పుడు నేనెందుకని అడిగారా ఎప్పుడైనా?" ఆవిడ చీర చెంగు దోపుకుని తాడు వైపు నడిచారు. పిల్లలిద్దరూ అమ్మమ్మ వెనక. వాళ్ళమ్మ పిల్లల వెనక. కమిషనర్ గారు సంచీతో ఒంటరిగా మిగిలారు. తాడు మళ్ళీ రెండడుగులు జారింది. అత్తగారు కూడా దాంతో రెండడుగులు జారారు.

"దివాకరం, ఇది పట్టుకోండి!" అని ఆయనా పరిగెత్తారు.

హైలెస్సా అంటే హైలెస్సా. తాడు వెనక్కి వస్తోంది. మూరెడు. బారెడు.

దివాకరం గారు ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో సంచీ, నోట్లో విజిలుతో కమిషనర్ గారి పక్కన పరిగెడుతున్నారు. "అయ్యా! తలల లెక్కకు రెండు నిమిషములు మాత్రమే గలవు! ప్రజలు తమ తమ విహారములకు మరలవలెనని..."

"ముందు అడ్డం లేవండి! చేప పోతుంది!"

పదకొండయింది. దివాకరం గారు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ పనీ ఒక్క నిమిషం ఆలస్యం చేసినవారు కారు. కన్నీళ్ళతో విజిలు ఊదారు.

నేను లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. అచ్చంగా ఇలా రాశాను:

జలతరణము: లేరు. తరంగారోహణము: లేరు. సకుటుంబ విహారము: లేరు. మత్స్యగ్రహణము: మూడు వందల నలభై ఏడు. లెక్కించువాడు మినహా, ఏ పనీ చేయనివారు: ఒకరు.

* * *

ఆకుపచ్చ జెండా ఎగిరింది. ఊరు ఊగిపోయింది. ఇసుక మీద వెండికొండలా చేపలు. అసిరమ్మ తాడు పట్టిన ప్రతి మనిషినీ పిలిచి దోసిళ్ళతో వాటా వేస్తోంది. అందరి బట్టలకీ ఒకటే వాసన.

అప్పుడు దివాకరం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఓటమికి నొచ్చుకునే మనిషి కాదు. నిబంధన నెగ్గితే చాలు, ఎవరు నెగ్గినా ఆయనకి ఒకటే.

"ఇందుమూలముగా కొయ్యరేవు మత్స్యగ్రహణ తీరముగా ప్రకటింపబడినది. ఇతర కార్యకలాపములు వారము దినములలో వైదొలగవలెను. తరంగారోహణ శిక్షకురాలు తన పరికరములతో ముప్పది కిలోమీటర్ల దూరమునకు తరలవలెను."

నూకరత్నం బల్ల పక్కన నిలబడిపోయింది. కమిలిన చేతులు ఇంకా విచ్చుకోలేదు.

అసిరమ్మ చేతిలోని చేపలు కింద పడ్డాయి. "మీ నాన్న పడవ కోసరం తాడు పట్టినావమ్మీ. నా సేత్తోనే నిన్ను ఎల్లగొట్టీసినానా?"

"ఊరుకోయే అమ్మా. ముప్పై కిలోమీటర్లే కదా," అంది నూకరత్నం. కానీ సముద్రం వైపు తిరిగి అంది.

సీతారత్నం గారు చీర చెంగులో ఎనిమిది చేపలు మూటగట్టుకుని ఇదంతా వింటున్నారు.

"ఏం నాయనా," అన్నారు దివాకరం గారితో, "అయితే వచ్చే ఆదివారం నేను ఇక్కడికి రాకూడదా?"

"మన్నించవలెను తల్లీ. పధ్నాలుగవ నిబంధన. ఆకుపచ్చ తీరమున మత్స్యగ్రాహకులకు మాత్రమే ప్రవేశము."

"ఎవరూ వాళ్ళు?"

"మత్స్యగ్రాహకుడనగా, వేటలో పాల్గొని, పట్టుబడిన మత్స్యములలో వాటా పొందిన వ్యక్తి."

ఆవిడ చెంగు విప్పి ఆయన ముక్కు కింద పెట్టారు. "ఇవి మరి?"

దివాకరం గారు చేపల వంక చూశారు. చేపలు ఆయన వంక చూశాయి.

"నా పేరు రాయి బాబూ," అన్నారావిడ నాతో. "మా అల్లుడుగారి పేరూ రాయి. ఆయనకి ఆరు పడ్డాయి."

కమిషనర్ గారి జేబులోంచి ఒక తోక కనిపిస్తోంది. ఆయన దాన్ని లోపలికి తోసుకున్నారు.

"నాకు పదొచ్చినాయి," అంది నూకరత్నం, నెమ్మదిగా ఇటు తిరిగి. "మా పిల్లలకి తలా నాలుగు. మేవూ ఉండొచ్చా అయితే?"

"మనుషులు ఉండవచ్చును," అన్నారు దివాకరం గారు ఊపిరి బిగబట్టి. "బల్లలు ఉండరాదు. పదునైదవ నిబంధన. మత్స్యగ్రాహకులు పడవ, తెప్ప మాత్రమే వాడవలెను."

అసిరమ్మ కింద పడ్డ చేపలు ఏరుకుంటూ తల ఎత్తింది. "తెప్పంటే ఏటి బాబూ?"

"తెప్ప అనగా..."

"మా తాత కాడ ఉండీది, నాకు తెల్దేటి? రెండు కొయ్యలు. మునగదు, మనిషిని మోత్తాది, కెరటం మీద ఒడ్డుకి తెచ్చి పడేత్తాది. మా తాత దాని మీద నిలబడే వచ్చీవోడు. మా అమ్మి బల్ల ఏటి సేత్తాది? రంగేసుకున్న తెప్ప అది."

అందరూ కమిషనర్ గారి వైపు చూశారు. కమిషనర్ గారు అత్తగారి వైపు చూశారు.

"నాకు ఎండ నెత్తికొస్తోంది అల్లుడుగారూ," అన్నారావిడ.

"తెప్పగా పరిగణించడమైనది," అని కమిషనర్ గారు నా ఫారం మీదే రాసి సంతకం చేశారు. ఆ సంతకానికి ఇప్పటికీ కానాగడత వాసన వస్తుంది.

* * *

ఆరు నెలలు గడిచాయి.

కొయ్యరేవులో వేట తప్ప మరో పని జరగడం లేదు. నా వారపు నివేదికలే సాక్ష్యం. ఎవరొచ్చినా ముందు కాసేపు తాడు లాగుతారు. అసిరమ్మ చేతిలో చేప పెడుతుంది, నేను చీటీ మీద నంబరు వేసి ఇస్తాను. ఆ తర్వాత వాళ్ళు నీళ్ళలో మునిగితే వల అడుగు పరిశీలన అని రాస్తాను. నూకరత్నం పిల్లలు కెరటాలెక్కితే తెప్పలపై చేపల జాడ తీయుట. పసిపిల్లలు ఇసుకలో గూళ్ళు కడితే ఒడ్డు మరమ్మతు. సరుగుడు నీడన కొత్త దంపతులు కూర్చుంటే వేట గురించి చర్చ.

మత్స్యగ్రాహకుల సంఖ్య మూడు వందల నలభై ఏడు నుంచి నాలుగు వేల ఆరు వందల పన్నెండుకి పెరిగింది. అందులో తొమ్మిది వందల మంది పదేళ్ళ లోపు వారు. ప్రధాన కార్యాలయం నిర్ఘాంతపోయింది. ఆదర్శ ఏకకార్య తీరంగా కొయ్యరేవుకి షీల్డు ప్రకటించింది.

షీల్డు ఇవ్వడానికి దివాకరం గారు వచ్చారు. ఇస్త్రీ బట్టలు, కొత్త బూట్లు. ఇసుక మొదలయ్యే చోట నేను ఆయనకి అడ్డం నిలబడాల్సి వచ్చింది.

"అయ్యా, తమరి చీటీ?"

"ఏ చీటీ?"

"మత్స్యగ్రాహకుల చీటీ అండీ. పధ్నాలుగో నిబంధన."

 ఆ నిబంధన రాసిన కమిటీలో ఆయన సభ్యులు. షీల్డు చంకలో పెట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డారు. పదకొండింటి ఎండ. దూరంగా తాళ్ళు బిగుసుకున్నాయి. ఆ రోజు జనం తక్కువ, వల బరువు.

"అక్కడ నిలబడి సూత్తారేటి బాబూ?" అని కేకేసింది అసిరమ్మ. "తాడు మీద సెయ్యెయ్యండి! ఇక్కడ నలుగురు తక్కువున్నారు!"

దివాకరం గారు షీల్డు ఇసుకలో నిలబెట్టారు. బూట్లు విప్పారు. తాడు చివర ఒక నిక్కరు పిల్ల వెనక చోటు చూసుకుని, రెండు చేతులా పట్టుకున్నారు. అల వచ్చి ఇస్త్రీ పంట్లాం తొడల దాకా తడిపింది. తాడు ఒక్కసారి ముందుకి గుంజింది. ఆయన మడమలు తన్నిపెట్టి ఆపారు.

నేను కొత్త చీటీ తీసి, నంబరు వేసి, పక్కనే నడుస్తూ అడిగాను. "అయ్యా, వృత్తి అన్న గడిలో ఏమని రాయమంటారు?"

ఆయన ముఖం కందగడ్డలా ఎర్రబడి ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"ఒరే పొన్నాడా," అన్నారు, "ఆ కాగితం అవతల పారేసి తాడు పట్టరా!"